ఇంట్లో సీసం కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేస్: కొనే ముందు చూడాల్సిన ఐదు విషయాలు

ఈ ఎపిసోడ్‌లో మన దగ్గర పెద్దగా మాట్లాడుకోని ఒక అమెరికన్ హాబీ గురించి చెప్పుకుందాం. అక్కడ చాలామంది షూటింగ్ రేంజ్‌లో ప్రాక్టీస్ చేయడానికి కావాల్సిన సీసపు బుల్లెట్లని తమ గ్యారేజ్‌లోనే పోత పోసుకుంటారు. దీన్ని బుల్లెట్ కాస్టింగ్ అంటారు. సీసం కరిగించాలి, అచ్చులో పోయాలి, చల్లారాక దులపాలి. వినడానికి ఇంతే. కానీ దీనికి ముందుగా కొనాల్సిన వస్తువు సీసం కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేస్. చాలామంది బోల్తా పడేది అక్కడే. "పెద్దది కొంటే పోలా" అనుకుంటారు. సైజు కంటే ముఖ్యమైంది వేడి మీద కంట్రోల్. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఒక మాట. ఫర్నేస్ గురించి కాదు, మీ గురించి.

అసలు ఇది మీరు చేయొచ్చా?

ఇండియాలో ఉన్నవాళ్ళకి సమాధానం సూటిగా చెప్తా: వద్దు. మన ఆయుధాల చట్టం, అంటే 1959 ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం లైసెన్స్ లేకుండా మందుగుండు తయారు చేయడం నేరం. ఆ చట్టంలో మందుగుండు అనే మాటకి ఇచ్చిన అర్థంలో దాని విడి భాగాలు, దాన్ని తయారు చేసే యంత్రాలు కూడా వస్తాయి. "మందు పెట్టలేదు కదా, ఉత్త సీసపు ముక్కే కదా" అనే వాదన నిలబడదు. 2019లో చట్టాన్ని సవరించి శిక్షలు ఇంకా పెంచారు. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని దీన్ని ట్రై చేద్దామనే ఆలోచన ఇక్కడే వదిలేయండి.

ఇక అమెరికా. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి మందుగుండు తయారు చేసుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. అమ్మే వ్యాపారం చేస్తే మాత్రం లైసెన్స్ తీసుకోవాలి. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి, అవి కూడా చూసుకోవాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది దీని తర్వాత ఉంది.

మీరు ఎఫ్‌-1 మీద చదువుకుంటున్నారా? హెచ్‌-1బి మీద ఉద్యోగం చేస్తున్నారా? చట్టం లెక్కలో మీరు నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు. 1998 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఈ వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ, మందుగుండు గానీ దగ్గర ఉంచుకోకూడదు. సరైన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ నిషేధం వర్తించదు.

"నేను తుపాకీ కొనట్లేదు బ్రో, మా రూమ్మేట్‌కి సాయంగా పోత పోస్తున్నా" అంటారేమో. అక్కడి చట్టంలో మందుగుండు అంటే పూర్తిగా తయారైన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేస్, ప్రైమర్, పౌడర్, చివరికి విడిగా ఉన్న బుల్లెట్ కూడా మందుగుండే. అంటే అచ్చులోంచి రాలిన సీసపు ముక్క టేబుల్ మీద పడగానే అది ఆ లెక్కలోకి వచ్చేసింది. ఈ నేరానికి 2022 సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. జైలు సంగతి పక్కన పెట్టినా, ఆయుధాల కేసు మీద పడితే వీసా, గ్రీన్ కార్డ్ ఆశలు అన్నీ అక్కడితో అయిపోవచ్చు. కాబట్టి ఏ ఫర్నేస్ అని ఆలోచించే ముందు మీ స్టేటస్ ఏంటో చూసుకోండి. డౌట్ ఉంటే లాయర్‌నే అడగండి, స్నేహితుల్ని కాదు.

చట్టప్రకారం ఏ ఇబ్బందీ లేదనుకుందాం. ఇప్పుడు ఫర్నేస్ దగ్గరికి వద్దాం.

ఒకటి: ఎంత సైజు కావాలి?

మార్కెట్‌లో ఇంటి వాడకానికి దొరికేవి ఎక్కువగా 10 పౌండ్లు, 20 పౌండ్లు, 25 పౌండ్లు పట్టేవి. లీ కంపెనీకి 10, 20 పౌండ్లవి ఉన్నాయి. లైమన్, ఆర్‌సిబిఎస్ కంపెనీలకి 25 పౌండ్ల డిజిటల్ మోడల్స్ ఉన్నాయి.

ఈ అంకెల్ని మన అవసరంలోకి మార్చుకుందాం. బుల్లెట్ బరువుని గ్రెయిన్స్‌లో కొలుస్తారు. ఒక పౌండ్ అంటే 7000 గ్రెయిన్స్. ఒక మామూలు .38 బుల్లెట్ 158 గ్రెయిన్స్ ఉంటుంది. భాగిస్తే పౌండుకి 44 బుల్లెట్లు వస్తాయి. అంటే రేంజ్‌లో 100 సార్లు పేల్చడానికి రెండుంపావు పౌండ్ల సీసం చాలు. నెలకి రెండు మూడు వందల బుల్లెట్లు వాడేవాళ్ళకి 10 పౌండ్లదే సరిపోతుంది. నాలుగు, ఆరు గుంతలున్న పెద్ద అచ్చు వాడి ఒకే పూట ఎక్కువ పోత పోసేవాళ్ళకి 20 పౌండ్లది బాగుంటుంది. అందులో ఒక సుఖం ఉంది. లోపల లోహం ఎక్కువ ఉంటే వేడి తొందరగా పడిపోదు.

సైజు పెరిగితే ప్రమాదం కూడా పెరుగుతుంది, దాన్ని మర్చిపోకండి. 20 పౌండ్లంటే 9 కిలోలు. సీసం ఎంత బరువైనదంటే ఆ 9 కిలోలు లీటరు వాటర్ బాటిల్‌లో పట్టేసి ఇంకా ఖాళీ మిగులుతుంది. అంత చిన్న గిన్నెలో అంత బరువు, అదీ 370 డిగ్రీల సెల్సియస్ వేడిలో! మోచేయి తగిలి అది ఒరిగితే? అందుకే అడుగు భాగం వెడల్పుగా ఉందా, బల్లకి బోల్టులతో బిగించే వీలుందా అని ముందే చూడాలి. ప్లాస్టిక్ టేబుల్, మడత పెట్టే టేబుల్ అస్సలు పనికిరావు.

రెండు: గరిటెతో పోయాలా, కింద నుంచి వదలాలా?

ఫర్నేసులు రెండు రకాలు. ఒకటి ఉత్త గిన్నె. కరిగిన సీసాన్ని గరిటెతో తీసి అచ్చులో పోయాలి. రెండోది బాటమ్ పోర్, అంటే గిన్నె అడుగున కుళాయి లాంటి నాజిల్ ఉంటుంది. లివర్ ఎత్తితే ధార వస్తుంది, వదిలితే ఆగుతుంది. అచ్చుని కింద పెట్టి నింపుకోవడమే.

గరిటె రకం చవక. చెడిపోయే భాగాలు తక్కువ. పెద్ద బుల్లెట్లు పోసేవాళ్ళు చాలామంది దీన్నే ఇష్టపడతారు. కానీ నిదానంగా సాగుతుంది. ప్రతిసారీ గరిటె ముంచాలి కాబట్టి పై తెట్టు కదులుతూ ఉంటుంది.

బాటమ్ పోర్‌తో పని స్పీడ్‌గా అవుతుంది. సీసం అడుగు నుంచి వస్తుంది కాబట్టి పైన తేలే తెట్టు అచ్చులోకి రాదు. దాని తలనొప్పి కారడం. నాజిల్‌కీ, దాన్ని మూసే కడ్డీకీ మధ్య చిన్న నలుసు ఇరుక్కున్నా బొట్లు బొట్లుగా కారుతూనే ఉంటుంది. ఒక్కోసారి నాజిల్ చివర సీసం గడ్డకట్టి ధార రాదు. అందుకని కొనేటప్పుడు ఆ కడ్డీని సులభంగా బయటికి తీసి శుభ్రం చేసుకునే వీలుందో లేదో చూడండి. నాజిల్‌కీ కింది పీటకీ మధ్య మీ అచ్చు పట్టేంత ఖాళీ ఉందా అన్నది ఇంకోటి. లీ వాళ్ళ మోడల్స్‌లో ఆ ఖాళీ 4 అంగుళాలు. పెద్ద అచ్చు ఉన్నవాళ్ళు కొలుచుకుని కొనాలి.

ఇంకో రూల్ గుర్తుపెట్టుకోండి. పాత సీసం, మట్టి పట్టిన తుక్కు బాటమ్ పోర్ ఫర్నేస్‌లో వేయకూడదు. ముందు వేరే ఇనప గిన్నెలో కరిగించి, తెట్టు తీసి, దిమ్మెలుగా పోసుకోవాలి. ఆ శుభ్రమైన దిమ్మెలే ఫర్నేస్‌లో వేయాలి. కారే సమస్య సగం దీంతోనే తగ్గుతుంది. ఈ పనికి వంట గిన్నె వాడకూడదు. అల్యూమినియం గిన్నె అయితే అసలే వద్దు, వేడికి మెత్తబడి అడుగు ఊడితే కరిగిన సీసం కాళ్ళ మీదే పడుతుంది.

మూడు: వాట్స్ ఏం చెప్తాయి?

10 పౌండ్ల ఫర్నేసులు 500 వాట్లు, 20 పౌండ్లవి 700 వాట్లు ఉండటం మామూలు. "ఇస్త్రీ పెట్టె కంటే తక్కువ కదా, ఇది సీసాన్ని కరిగిస్తుందా?" అనిపించొచ్చు. లెక్క వేసి చూద్దాం.

సీసం కరిగేది 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర. గది వేడి నుంచి అక్కడిదాకా తీసుకెళ్ళి, కరిగించి, ఇంకో 40 డిగ్రీలు పెంచడానికి గ్రాముకి సుమారు 70 జౌల్స్ కావాలి. 9 కిలోలకి 6 లక్షల 30 వేల జౌల్స్. 700 వాట్లంటే సెకనుకి 700 జౌల్స్. భాగిస్తే 900 సెకన్లు, అంటే 15 నిమిషాలు. కొంత వేడి గాల్లోకి పోతుంది కాబట్టి నిజంగా ఇంకాస్త ఎక్కువే పడుతుంది. నీళ్ళతో పోలిస్తే సీసం చాలా తక్కువ వేడితో వేడెక్కుతుంది, అందుకే ఈ చిన్న హీటర్ సరిపోతుంది.

అంటే ఎక్కువ వాట్ల కోసం ఎగబడాల్సిన పని లేదు. వోల్టేజ్ మాత్రం తప్పకుండా చూడాలి. అమెరికా మోడల్ 120 వోల్టులది. దాన్ని 230 వోల్టుల దేశంలో ప్లగ్‌లో పెడితే హీటర్ దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ పవర్ లాగుతుంది. 700 వాట్లది 2500 వాట్లు దాటిపోతుంది. క్షణాల్లో మాడిపోతుంది, లేదా మంటలు వస్తాయి. అమెరికాలోనే వాడేవాళ్ళు కూడా సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు, నాలుగు వస్తువులు గుచ్చిన పవర్ స్ట్రిప్ వాడకండి. గోడ సాకెట్‌లోనే పెట్టండి.

నాలుగు: అసలు విషయం, వేడి కంట్రోల్

ఎక్కువ డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. మామూలుగా పోత పోసేది 340 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య. అమెరికా లెక్కలో 650 నుంచి 750 ఫారెన్‌హీట్. వేడి తగ్గితే బుల్లెట్ మీద ముడతలు వస్తాయి, అంచులు సరిగా నిండవు. ఎక్కువైతే సీసంలో కలిపిన తగరం త్వరగా తెట్టుగా మారిపోతుంది, సీసపు ఆవిరి కూడా పెరుగుతుంది.

చవక మోడల్స్‌లో డయల్ ఉంటుంది. దాని మీద నంబర్లే ఉంటాయి, డిగ్రీలు ఉండవు. లోపల థర్మోస్టాట్ హీటర్‌ని ఆన్ ఆఫ్ చేస్తూ ఉంటుంది. దోసెల పెనం మంట పూర్తిగా పెంచి, పొగ రాగానే ఆపి, చల్లారాక మళ్ళీ పెంచితే ఎలా ఉంటుందో అలా. ఒక దోసె మాడుతుంది, ఇంకోటి అతుక్కుంటుంది.

పిఐడి కంట్రోలర్ ఉన్న డిజిటల్ మోడల్ అలా చేయదు. సెన్సర్ సీసం వేడిని కొలుస్తూ ఉంటుంది. మనం పెట్టిన అంకెకి దగ్గరవుతుండగానే కంట్రోలర్ కరెంట్ తగ్గిస్తూ వస్తుంది. చేయి తిరిగిన వంటమనిషి మంట కొద్దికొద్దిగా సర్దినట్టు. వేడి అక్కడే నిలబడుతుంది.

దీనివల్ల లాభం బుల్లెట్ నున్నగా రావడం ఒక్కటే కాదు. తుక్కు సీసంలో, ముఖ్యంగా కారు చక్రాలకి పెట్టే వీల్ వెయిట్స్‌లో జింక్ ముక్కలు కలిసి ఉంటాయి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. జింక్ కరిగేది 419 డిగ్రీల దగ్గర. తుక్కు కరిగించేటప్పుడు వేడి 400 దాటనివ్వకపోతే జింక్ ముక్కలు కరగకుండా పైన తేలతాయి, చెంచాతో తీసి పారేయొచ్చు. దాటితే అవి కలిసిపోతాయి. ఆ సీసం ఓట్స్ జావలా చిక్కబడి అచ్చులో నిండదు. గిన్నె మొత్తం పాడు. అంటే 20 డిగ్రీల తేడా తెలియకపోవడం వల్ల 20 పౌండ్ల లోహం పోతుంది.

బడ్జెట్ లేకపోతే ఏం చేయాలి? డయల్ రకమే కొనండి, దానితో పాటు సీసంలో ముంచే థర్మామీటర్ ఒకటి కొనండి. పిఐడి అంత హాయి కాకపోయినా, ఎంత వేడి ఉందో తెలుస్తుంది. థర్మామీటర్ లేకుండా పెద్ద ఫర్నేస్ కొనడం కంటే థర్మామీటర్‌తో చిన్న ఫర్నేస్ కొనడం చాలా మేలు.

ఐదు: ఎక్కడ పెడతారు, ఇంట్లో ఎవరున్నారు?

ఫర్నేస్ బాక్స్ మీద ఈ ప్రశ్న ఉండదు. కానీ అన్నిటికంటే పెద్దది ఇదే.

మొదటి శత్రువు నీళ్ళు. చిన్న నీటి చుక్క కరిగిన సీసం కిందికి వెళ్తే ఒక్కసారిగా ఆవిరైపోతుంది. ఆవిరైన నీరు దాదాపు 1600 రెట్లు వ్యాపిస్తుంది. ఆ దెబ్బకి గిన్నెలోని సీసం పైకి ఎగిరి మొహం మీద, చేతుల మీద పడుతుంది. చెమట చుక్క, వాన చినుకు, చల్లటి దిమ్మెకి పట్టిన తేమ, ఏదైనా చాలు. కాబట్టి ఫర్నేస్ పైన కప్పు ఉండాలి. కరిగిన సీసంలో వేసే ప్రతి దిమ్మెనీ ముందే వేడి చేసి ఆరబెట్టాలి. పక్కన కాఫీ కప్పు, వాటర్ బాటిల్ ఉండకూడదు. మొహం మొత్తం కప్పే షీల్డ్, తోలు గ్లవ్స్, పొడుగు చేతుల కాటన్ చొక్కా, ప్యాంట్, తోలు బూట్లు ఉండాలి. నిక్కరు, చెప్పులతో ఈ పని చేయకూడదు.

రెండో శత్రువు కంటికి కనిపించదు. అదే సీసపు ధూళి. చాలామంది పొగ గురించే భయపడతారు. కంట్రోల్‌లో ఉన్న వేడి దగ్గర సీసపు ఆవిరి చాలా తక్కువ. గాలి బాగా ఆడే చోటు అవసరమే, అయినా ఎక్కువ విషం లోపలికి పోయే దారి చేతుల నుంచి నోటికి. పైన తేలిన తెట్టు పొడిలా ఉంటుంది. అది చేతికి, చొక్కాకి, బూట్లకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది. నేల మీద పాకే పసిపిల్ల ఆ చేత్తోనే నోట్లో వేలు పెట్టుకుంటుంది.

పిల్లల మెదడు మీద సీసం చేసే దెబ్బ మళ్ళీ బాగుపడదు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫర్వాలేదు అని చెప్పగలిగే స్థాయి ఏదీ లేదు. అమెరికాలోని సిడిసి 2021లో డెసిలీటర్‌కి 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని హద్దు పెట్టింది. మైక్రోగ్రామ్ అంటే గ్రాములో పది లక్షల వంతు. గోటి సందున ఇరుక్కున్న ధూళి కూడా లెక్కలోకి వస్తుందన్నమాట. గర్భిణులకీ ఇంతే ప్రమాదం, కడుపులో బిడ్డకి చేరుతుంది.

అందుకే కొన్ని నియమాలు. వంటగదిలో, గ్యాస్ స్టవ్ మీద ఈ పని వద్దు. అక్కడ తినడం, తాగడం, సిగరెట్ వద్దు. అయిపోగానే సబ్బుతో చేతులు, మొహం కడుక్కోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి, బూట్లు బయటే వదలాలి. నేలని చీపురుతో ఊడ్చకూడదు, తడి గుడ్డతో తుడవాలి. తెట్టుని మూత ఉన్న ఇనప డబ్బాలో పెట్టి, మీ ఊరి హజార్డస్ వేస్ట్ సెంటర్‌లో ఇవ్వాలి, చెత్తబుట్టలో కాదు. ఏడాదికోసారి రక్తంలో సీసం టెస్ట్ చేయించుకోవాలి. కారు బ్యాటరీలు పగలగొట్టి సీసం తీయాలనే ఆలోచన వద్దే వద్దు. అందులో యాసిడ్‌తో పాటు, ప్రాణాంతకమైన వాయువులు పుట్టించే లోహాలు కూడా ఉంటాయి.

స్విచ్ ఆపేశాక కూడా గిన్నె చాలాసేపు కాలిపోతూనే ఉంటుంది. పైన గడ్డకట్టినట్టు కనిపించినా లోపల ద్రవంగా ఉండొచ్చు. అది పూర్తిగా చల్లారేదాకా పిల్లలు గానీ కుక్క గానీ అటు రాకుండా తాళం వేసే చోటు మీకు ఉందా? లేకపోతే ఈ హాబీ ఇప్పుడు వద్దు. అపార్ట్‌మెంట్ బాల్కనీ దీనికి సరైన చోటు కాదు.

మొత్తం మీద ఏం కొనాలి?

కొత్తవాళ్ళు, తక్కువ వాడేవాళ్ళు: 10 పౌండ్ల డయల్ మోడల్, మంచి థర్మామీటర్, ఫేస్ షీల్డ్. పెద్ద అచ్చుతో ఎక్కువ పోసేవాళ్ళు: 20 లేదా 25 పౌండ్ల బాటమ్ పోర్, వీలైతే పిఐడితో. పెద్ద బుల్లెట్లు నిదానంగా పోసుకునేవాళ్ళు: గరిటె రకం. ఏది కొన్నా పని ముగించేటప్పుడు గిన్నె పూర్తిగా ఖాళీ చేయకండి. అడుగున ఒక అంగుళం సీసం వదిలేస్తే తర్వాతిసారి త్వరగా వేడెక్కుతుంది, గిన్నె తుప్పు పట్టదు.

ఇంకో విషయం. వేటకి వెళ్ళేవాళ్ళు తమ రాష్ట్రం రూల్స్ చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసపు మందుగుండు పూర్తిగా నిషేధం. కాండర్ అనే అరుదైన రాబందులు సీసం ఉన్న కళేబరాలు తిని చనిపోతుండటం దానికి ఒక పెద్ద కారణం. అంత పెద్ద పక్షిని చంపే పదార్థం మన గ్యారేజ్‌లో ఉందని గుర్తుంటే చాలు, మిగతా జాగ్రత్తలు వాటంతట అవే వస్తాయి.

కొనే ముందు ఈ మూడు ప్రశ్నలు మీరే వేసుకోండి. చట్టం నన్ను ఒప్పుకుంటుందా? వేడి ఎంతుందో నాకు తెలుస్తుందా? ఇంట్లో చిన్నపిల్లలకి ఇది దూరంగా ఉంటుందా? మూడింటికీ "అవును" అనగలిగితేనే కార్ట్‌లో వేయండి. ఒక్కదానికి "కాదు" వచ్చినా ఆ డబ్బులు జేబులోనే ఉంచుకోండి. అమెరికాలో ఉన్న మీ ఫ్రెండ్ ఎవరైనా దీని మీద ఆసక్తితో ఉంటే, ముందు ఆ వీసా ముక్క వాళ్ళకి చెప్పండి. ఇంకో టాపిక్‌తో మళ్ళీ కలుద్దాం. ఉంటాను.